పంచదార సంగతి ఎవరూ ఎత్తలేదు

వీధి సంబరంలో పనిచేస్తానని పేరు ఇచ్చినప్పుడు, పని ఇస్తారనే అనుకున్నాను. కుర్చీ ఇచ్చారు.

మంచి కుర్చీయే. చేతులున్నది. మిగతావన్నీ ప్లాస్టిక్ కుర్చీలు, ఒకదానిలో ఒకటి దూరి కమ్యూనిటీ హాలు గోడవార నిలబడి ఉన్నాయి. దీన్ని మాత్రం వీధి సంఘం సెక్రటరీగారు స్వయంగా మోసుకొచ్చి, జేబురుమాలుతో తుడిచి, ఫ్యాను కింద వేశారు.

"కూర్చోండి మేడమ్. మీకెందుకు శ్రమ."

"శ్రమ పడదామనే వచ్చానండీ."

"అయ్యో, ఎంత మాట," అని ఆయన వెళ్ళిపోయారు.

మనవాళ్ళు ఎవరినైనా బయటికి పంపాలంటే మెడ పట్టుకోనక్కర్లేదు. "మీకెందుకు శ్రమ" అంటే చాలు. ఆ మాటకి ఎదురు చెప్పడం మర్యాద కాదు, ఒప్పుకుంటే బతుకు కాదు. నేను కూర్చున్నాను. ఫ్యాను నా ఒక్కదాని కోసమే తిరిగింది.

నా గురించి రెండు ముక్కలు చెప్పాలి. కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తాను. మనిషిని కూర్చోబెట్టి, కళ్ళముందు అద్దాలు మార్చి మార్చి పెట్టి, "ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా?" అని అడగడం నా ఉద్యోగం. రోజంతా ఓపిగ్గా అడిగి, మిగిలిన ఓపిక ఏమైనా ఉంటే అది కూడా దుకాణంలోనే పెట్టి షట్టరు దించేసి వస్తాను. నాకు ముక్కు మీద కోపం అని మా అక్క అంటుంది. ముక్కు దాకా పోనక్కర్లేదు, నాలుక చివరే ఉంటుంది. ఆ కారణం వల్లనో ఇంకో కారణం వల్లనో నలభై దాటేదాకా పెళ్ళి కాలేదు. ఒకరోజు దుకాణం తాళం మొరాయిస్తే తియ్యడానికి ఒకాయన వచ్చాడు. ఆయనతో అయింది.

మా ఆయన తాళాలు బాగుచేస్తాడు. ఈ వీధిలో ఆయన తియ్యలేని తలుపు లేదు. నోరు మాత్రం అంత తేలిగ్గా తెరవడు. మొదటి భార్య పోయి మూడేళ్ళు దాటింది. ఆమె ఈ వీధికంతటికీ తలలో నాలుకలా ఉండేదని ఆయన తప్ప అందరూ నాకు చెప్పారు, కొందరు రెండోసారి కూడా చెప్పారు. ఇంట్లో మేం ముగ్గురం. ఆయన, నేను, ఆ పోయినావిడ తల్లి.

మనకి ప్రతి చుట్టరికానికీ ఒక పిలుపుంది. తోడికోడలి అన్నగారి వియ్యంకుణ్ణి కూడా ఏదో ఒక వరస కలిపి పిలిచేస్తాం. మొగుడి మొదటి పెళ్ళాం తల్లిని ఏమని పిలవాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆయన "అత్తయ్యా" అంటాడు. వీధంతా "పెద్దమ్మా" అంటుంది. నేను పిలవాల్సి వచ్చినప్పుడు గిన్నె మీద గరిటెతో చిన్న చప్పుడు చేస్తాను. ఆవిడా అంతే. నన్ను ఏమనీ పిలవదు. "అన్నం ఉడికింది" అని గోడతో చెబుతుంది. గోడ లేచి వెళ్ళదు కాబట్టి నేను వెళ్తాను.

అంతటితో పోతే సర్దుకునేదాన్నే. నేను చేసిన ప్రతి పనీ ఆవిడ మళ్ళీ చేస్తుంది. నేను ఊడ్చిన గది నా వెనకాలే ఊడుస్తుంది. నేను మడత పెట్టిన దుప్పటి విప్పి మళ్ళీ మడత పెడుతుంది. నేను తోమి బోర్లించిన గిన్నెలు తీసి, ఇంకోసారి తోమి, ఇంకోచోట బోర్లిస్తుంది. ఒక్క మాట అనదు. అంటే నేనూ ఒకటి అనేదాన్ని, ఆ రోజుకి లెక్క తేలిపోయేది. మాట లేకుండా మడత పెట్టిన దుప్పటితో ఎలా పోట్లాడాలో నాకు తెలియదు.

అందుకే నా పాత గది ఇంకా వదల్లేదు. ఊరికి ఆ చివర, మేడ మీద. ఒక మంచం, ఒక పొయ్యి, తూర్పు వైపు ఒక కిటికీ. పెళ్ళికి ముందు నా బతుకంతా అందులోనే పట్టింది. దాని తాళంచెవి ఇప్పటికీ నా చేతిసంచీలోనే ఉంది. మా ఆయనకి చెప్పలేదు. దాచాలని కాదు, ఎందుకైనా మంచిదని. ఆ ఇంటి ఓనరు ఇన్నాళ్ళూ ఊరుకున్నాడు గానీ ఇప్పుడు ఎవరో భార్యాభర్తలు ఆ గది కావాలని అడుగుతున్నారట. "ఉంచుకుంటారా, వదిలేస్తారా? ఆదివారం ఫోన్ చేస్తాను, ఏదో ఒకటి తేల్చి చెప్పండమ్మా," అన్నాడు.

ఆ ఆదివారమే వీధి సంబరం. సరే, సంబరంలో దిగి చూద్దాం, ఈ వీధి నన్ను ఉండనిస్తుందో లేదో తేలిపోతుంది, దాన్నిబట్టి ఓనరుకి జవాబు చెబుదాం అనుకున్నాను. గది ఉంచుకోవడమంటే ఏమిటో నాకు బాగా తెలుసు. ఏదో ఒక రోజు కోపం వచ్చి, బట్టలు సర్దుకుని, ఆ మేడమెట్లు ఎక్కేస్తాను. ఎక్కితే దిగే రకం కాదు నేను. మా ఆయన మంచివాడు, ఆయన్ని వదిలి వెళ్ళాలని నాకు లేదు. ఉండాలనే ఉంది. పొద్దున పదింటికి చేతులున్న కుర్చీలో కూర్చున్నప్పుడు నాకు ఆ కోరిక ఎంత గట్టిదో తెలిసి, నామీద నాకే చిరాకు వేసింది.

ఈ వీధిలో ఒక పద్ధతుంది. సంబరంలో ప్రతి పనీ ఒక ఇంటిది. మైకు ట్యూషన్ మాస్టారింటిది. జెండాల తాళ్ళు ప్లంబరింటిది. బల్లల మీద గుడ్డలు టైలరమ్మ ఇంటిది. ఒకరి పనిలో ఇంకొకరు వేలు పెట్టరు. పెడితే ఆ ఇంటిని అవమానించినట్టు. ఒక ఏడాది మాస్టారి గొంతు పోతే సంబరం మొత్తం సైగలతో జరిగిందట. బహుమతులు కూడా సైగలతోనే ఇచ్చారట, ఒకటి వేరే వాళ్ళకి వెళ్ళిపోయిందట. అయినా ఇంకొకరు మైకు ముట్టుకోలేదు. ఈ సంగతి సెక్రటరీగారు గర్వంగా చెప్పారు.

టీ మా ఇంటిది. మా ఆయన మొదటి భార్య పోయాక బయటినుంచి తెప్పించారు. ఈ ఏడాది పెద్దమ్మే టీ పెడతానని కబురు పంపిందని చెబుతూ సెక్రటరీగారు కళ్ళు తుడుచుకున్నారు. కుర్చీ తుడిచిన జేబురుమాలు అదే.

మరి మా ఇంటి పని టీ అయినప్పుడు, నేనూ ఆ ఇంటి మనిషినే కదా అని నాకు అనిపించింది. అనిపించడం నాకొక్కదానికే. అందరి చొక్కాలకీ పైటలకీ "కార్యకర్త" అని బిళ్ళలు పెట్టారు. నాకు పెట్టింది చదువుకుంటే "అతిథి" అని ఉంది.

"అవి అయిపోయాయి మేడమ్," అన్నారు సెక్రటరీగారు. "ఏముందిలెండి, రెండూ ఒకటే."

ఒకటే అయితే తనది ఇచ్చి నాది తీసుకోవచ్చు. ఆ మాట అనబోయి మింగేశాను. ఇవాళ కోపం తెచ్చుకోకూడదని పొద్దున్నే ఒట్టు పెట్టుకున్నాను.

కాసేపటికి లేచి, టీ బల్ల దగ్గర కాగితం కప్పులు వరసగా పేర్చాను. ముచ్చటగా ఉన్నాయి. కుర్చీలోకి వచ్చి చూసేసరికి వంటగదిలోంచి పెద్దమ్మ వచ్చింది. కప్పులన్నీ తీసింది. తిరగేసి, మూతులు కిందికి పెట్టి, మళ్ళీ వరసగా పేర్చింది. ఏమీ అనకుండా లోపలికి వెళ్ళింది. నేను మళ్ళీ లేచి హాలు గుమ్మం ముందు పడ్డ కాగితాలు ఊడ్చాను. చీపురు గోడకి ఆనించి తిరిగేలోపల ఆవిడ అదే చీపురు తీసి అదే గుమ్మం ఊడుస్తోంది. పాలగిన్నె దగ్గరికి వెళ్ళాను. పొంగకుండా చూస్తానన్నాను. "పొంగదు," అంది గోడతో.

ఇక జెండాలు. ప్లంబరు నిచ్చెన మీద ఉంటే తాడు కొస అందించి, కింద కొస కిటికీ ఊచకి నేను ముడేశాను. ఆయన నిచ్చెన దిగి, నవ్వుతూ నమస్కారం పెట్టి, "చాలా బాగా కట్టారు మేడమ్," అని నా ముడి విప్పి తను కట్టుకున్నాడు. ఆయన ముడి నా ముడికంటే ఏమీ గట్టిగా లేదు. నేను లాగి చూశాను.

కూర అయ్యాక కరివేపాకు తీసి పక్కన పెడతారు చూడండి. నన్ను కూరలో వెయ్యకముందే తీసి పక్కన పెట్టారు. అదీ ఎంతో మర్యాదగా, ఫ్యాను కింద.

పదకొండు గంటలకి మొదటి డ్రమ్ము టీ వచ్చింది. కింద కొళాయి ఉన్న పెద్ద స్టీలు డ్రమ్ము. వీధంతా పని ఆపి చుట్టూ చేరింది. పెద్దమ్మ కొళాయి తిప్పి మొదటి కప్పు సెక్రటరీగారికి ఇచ్చింది. ఆయన ఒక గుక్క తాగారు. ఆయన మొహంలో ఏదో వచ్చి పోయింది. ఏదో పవిత్రమైన భావం అనుకున్నాను.

"అద్భుతం పెద్దమ్మా," అన్నారు. "అదే చెయ్యి."

"పాత రోజులు గుర్తొచ్చాయి," అన్నాడు ప్లంబరు, కప్పులోకి చూస్తూ.

టైలరమ్మ కళ్ళొత్తుకుంది. మాస్టారు మైకులో, ఈనాటి టీ అమోఘంగా ఉన్నదనీ, అందరూ వచ్చి స్వీకరించాలనీ ప్రకటించారు. పెద్దమ్మ తలొంచుకుని కప్పులు నింపుతూనే ఉంది. ఆవిడ మొహం అంత వెలిగిపోవడం నేను ఇంట్లో ఎప్పుడూ చూడలేదు.

నాకు అందరికంటే చివర, గాజు కప్పులో, సాసరుతో సహా వచ్చింది. తాగాను. పంచదార లేదు.

తక్కువ కాదు, అసలు లేదు. ఇంట్లో ఆవిడకి షుగరు కాబట్టి టీ అలాగే కాస్తుంది, మేమిద్దరం ఎవరిది వాళ్ళం వేసుకుంటాం. ఇక్కడా పంచదార గిన్నె ఎక్కడో ఉంటుందని చూశాను. బల్ల మీద లేదు, బల్ల కింద లేదు. అందరూ తాగుతున్నారు. ఎవరూ అడగడం లేదు. సరే, ఈ వీధివాళ్ళు పంచదార వేసుకోరు కాబోలు, నాకు చెప్పని సంగతుల్లో ఇదొకటి అనుకుని, కళ్ళు మూసుకుని తాగేశాను.

తర్వాత ప్లంబరు కనిపించాడు. నిచ్చెన చాటున నిలబడి అటూ ఇటూ చూసి, చొక్కా జేబులోంచి చిన్న కాగితప్పొట్లం తీశాడు. కప్పులో వంపుకున్నాడు. స్క్రూడ్రైవరుతో కలుపుకున్నాడు. టైలరమ్మ బుగ్గన ఒక చాక్లెట్ పెట్టుకుని దానిమీదుగా టీ పోసుకుంటోంది. మాస్టారు ఒక చేత్తో మైకు పట్టుకుని టీని పొగుడుతూ, రెండో చేత్తో తన కప్పు గుమ్మం పక్కన క్రోటన్ మొక్కకి పోశారు. ఆ మొక్కకి అది మొదటి కప్పు కాదని కుండీ చూస్తే తెలుస్తోంది. సెక్రటరీగారు మాత్రం రెండో కప్పు తెప్పించుకుని, మందు తాగినట్టు ఊపిరి బిగబట్టి తాగుతున్నారు.

మా ఆయన నా పక్కకి వచ్చి నిలబడ్డాడు. ఆయన కప్పు కూడా ఖాళీయే.

"పంచదార లేదు కదూ?" అన్నాను మెల్లిగా.

"లేదు."

"చెప్పరేం మరి?"

ఆయన కొంచెం ఆలోచించాడు. "అందరూ తాగుతున్నారుగా," అన్నాడు.

అప్పుడు అంతా అర్థమైంది. అందరికీ తెలుసు. చెబితే ఆవిడ నొచ్చుకుంటుందని, ఆ పోయినావిడ గుర్తొస్తుందని, టీ ఇంకొకరి ఇంటి పని అని, వీధి వీధంతా కిమ్మనకుండా తాగుతోంది. రెండో డ్రమ్ము కూడా తాగుతుంది. వచ్చే ఏడాది కూడా తాగుతుంది. ఒక మనిషిని నొప్పించకూడదని ఇంత కష్టపడే జనం ఇంకెక్కడా ఉండరు. వీళ్ళే నా చేతికి ఒక చీపురు కూడా ఇవ్వలేదు.

ఏడుపొచ్చింది. నాకు ఏడుపొస్తే వెనకే కోపం కూడా వస్తుంది. రెంటిలో ఏది ముందు బయటపడుతుందో చెప్పలేం.

సరిగ్గా అప్పుడే పెద్దమ్మ పళ్ళెంలో కప్పులు పెట్టుకుని నా కుర్చీ దగ్గరికి వచ్చింది. "ఇంకో కప్పు," అంది ఫ్యానుతో.

"వద్దండీ," అన్నాను. "ఇందులో పంచదార లేదు."

గట్టిగా అనలేదు. కానీ మాస్టారు ఊపిరి పీల్చుకోవడానికి మైకు ఆపింది అప్పుడే. హాలంతా వినబడింది. జెండాల దగ్గర, బల్లల దగ్గర, క్రోటన్ మొక్క దగ్గర అందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. పెద్దమ్మ పళ్ళెంలోని కప్పుల్ని చూసింది. చుట్టూ ఉన్న మొహాలు చూసింది. ఒక్క మొహం కూడా ఆవిడ వైపు తిరిగి లేదు. పళ్ళెం నా ఒళ్ళో పెట్టి, వంటగదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

"ఎంత పని చేశారు మేడమ్," అన్నారు సెక్రటరీగారు.

"పొద్దుట్నుంచీ నేను చేసిన పని ఇదొక్కటేనండీ," అన్నాను. "మిగతావన్నీ మీరు వద్దన్నారు."

"మూడేళ్ళ తర్వాత మొదటిసారి పెట్టింది. మేం ఎలాగో గుటకేసేవాళ్ళం కదా," అన్నాడు ప్లంబరు బాధగా.

"మీ జేబులో ఏముంది?"

ఆయన జేబు మీద చెయ్యి వేసి కప్పుకున్నాడు.

ఇక తేలిపోయింది. పరీక్ష నేను పెట్టాననుకున్నాను, తప్పింది కూడా నేనే. చేతిసంచీ వంటగదిలో ఉంది. తీసుకుని, ఓనరుకి ఫోన్ చేసి, గది ఉంచుకుంటానని చెప్పేసి, బస్సెక్కేద్దాం అనుకున్నాను. సంచీ కోసమే వంటగది తలుపు తోశాను. ఆవిడ కోసం కాదు.

ఆవిడ పొయ్యి పక్కన గోడకేసి నిలబడి ఉంది. మూల పంచదార బస్తా ఉంది. మూతి కుట్టు కుట్టినట్టే ఉంది.

"పొద్దుట్నుంచీ లేదా?" అంది గోడతో.

"లేదండీ."

"సెక్రటరీ రెండు కప్పులు తాగాడే."

"తాగారు."

"అద్భుతం అన్నాడే."

"అన్నారు."

నేను సంచీ కోసం చెయ్యి చాచాను.

"నేను రుచి చూడను," అంది. "ఏళ్ళ తరబడి పంచదార ముట్టుకోనిదాన్ని, చూసినా నాకు తెలియదు. కాచడం నాది, పంచదార మా అమ్మాయిది. నేను కాచి పక్కకి జరిగేదాన్ని. అది వచ్చి వేసేది. ఇవాళ కూడా కాచి, పక్కకి జరిగాను." ఆవిడ చెంగుతో ముక్కు తుడుచుకుంది. "అయిపోయింది కదా అనుకున్నాను."

ఓదార్చడం నాకు చేతకాదు. దుకాణంలో ఎవరికైనా చూపు బాగా తగ్గిందని తెలిసినా నేను అద్దాల వైపే చూస్తాను. "అలవాటు," అన్నాను.

ఆవిడ ఇటు తిరిగింది. గోడని కాకుండా నన్ను చూసింది. "నువ్వు మొహమాటపడకు. నా పెట్టె సర్దే ఉంది," అంది.

"ఏ పెట్టె?"

"మంచం కింద ఉంది. మీ పెళ్ళినాడే సర్దుకున్నాను. నువ్వు వెళ్ళమనకముందే వెళ్ళిపోవాలనుకున్నాను. కూతురే లేని అల్లుడింట్లో నాకేం పని? మళ్ళీ ఏమనిపించిందంటే, ఏదో ఒక పని చేస్తూ ఉంటే వెళ్ళమనవేమోనని. అందుకని..."

"అందుకని ఊడ్చిన గది మళ్ళీ ఊడ్చారు."

"నువ్వు శుభ్రంగానే ఊడుస్తావు," అంది. "అదే నా భయం."

గోడకి ఆనుకున్నాను. ఇన్నాళ్ళూ ఆ దుప్పట్లు నన్ను తరిమెయ్యడానికి మడత పెడుతోందనుకున్నాను. ఆవిడ వాటిని పట్టుకుని వేలాడుతోంది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియకపోవడం నాకు కొత్త.

"వెళ్ళి ఎక్కడుంటారు?"

"మా తమ్ముడి కొడుకున్నాడు."

"రమ్మన్నాడా?"

"అడగలేదు. అడిగితే రమ్మంటాడు. మొహమాటస్థుడు."

"నాకో గది ఉంది," అన్నాను. ఎందుకన్నానో తెలియదు. మా ఆయనకి కూడా చెప్పని మాట. మేడ మీది గది, తాళంచెవి, ఓనరు అడిగిన సంగతి, అంతా చెప్పాను. ఆవిడ ఇంటి బేరానికి వచ్చినదానిలా శ్రద్ధగా వింది.

"ఎండ వస్తుందా?"

"పొద్దున్నే వస్తుంది."

"నీళ్ళు?"

"ఇబ్బంది లేదు."

"మంచి గదే. వదలకుండా ఎందుకు ఉంచుకున్నావు?"

"మీరు నన్ను ఉండనివ్వరేమోనని."

ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. "నేనెవర్ని, నిన్ను ఉండనివ్వకపోడానికి?" అంది. దెప్పిపొడుపు కాదు. నిజంగానే అడిగింది.

తలుపు బయట సెక్రటరీగారి దగ్గు వినబడింది. "పెద్దమ్మా, కంగారేం లేదు. రెండో డ్రమ్ము కూడా అలాగే ఇచ్చేసినా పరవాలేదంటున్నారు. అందరికీ అలవాటైపోయిందట."

"కాగుతోంది. గోల చెయ్యకండి," అంది పెద్దమ్మ.

కాగడం లేదు. అప్పుడు వెలిగించింది. పాలు పోసింది, ఆకు వేసింది, మంట తగ్గించింది, పెంచింది. నేను ఏమీ ముట్టుకోలేదు, ఆవిడ ఏమీ అనలేదు. టీ రంగు తిరిగాక గరిటె డ్రమ్ము అంచుకి ఆనించి, చేతులు తుడుచుకుని, పక్కకి జరిగింది.

జరిగి అక్కడే నిలబడింది.

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. తర్వాత బస్తా దగ్గరికి వెళ్ళి కుట్టు పట్టుకుని లాగాను. రాలేదు. బిగుసుకుంది.

"అది కాదు, అటు చివర దారం లాగు," అంది.

అటు లాగితే సర్రున మూతి మొత్తం విడిపోయింది. "ఎంత వెయ్యను?"

"నన్నడిగితే నాకేం తెలుసు? వేసి చూడు."

వేశాను. కలిపి, గరిటెతో చేతిలో పోసుకుని చూశాను. చాల్లేదు. మళ్ళీ వేశాను. మళ్ళీ చూశాను. నాలుక కాలింది. ఆవిడ నా వెనకాలే నిలబడి చూస్తోంది. ఈసారి నేను వేసినదాని మీద తను మళ్ళీ వెయ్యలేదు.

సంచీలో ఫోన్ మోగింది. గది ఓనరు.

"ఏమ్మా, ఏం తేల్చుకున్నారు?"

చేతిలో గరిటె ఉంది. ఇందాక ఏం చెప్పాలని సంచీ కోసం వచ్చానో అది కూడా గుర్తుంది. "వదిలేస్తున్నానండీ," అన్నాను.

"బాగా ఆలోచించుకున్నారా? వాళ్ళకి మాట ఇచ్చేస్తాను. ఇచ్చాక మళ్ళీ అడిగితే నా చేతిలో ఉండదు."

ఆలోచించుకోలేదు. ఆలోచిస్తే ఉంచుకునేదాన్నే. "ఇచ్చెయ్యండి," అన్నాను. ఆయన క్షేమంగా ఉండమని చెప్పి పెట్టేశాడు. కాళ్ళ కింద మెట్టు లేనట్టు అనిపించింది. నిజంగా భయం వేసింది.

"ఎవరు?" అంది ఆవిడ.

"గది ఓనరు."

"ఏమన్నావు?"

"వదిలేశానన్నాను."

ఆవిడ డ్రమ్ము మీద మూత పెట్టింది. సరిగ్గానే పెట్టినదాన్ని మళ్ళీ సర్దింది.

"తొందరపడ్డావు," అంది. "నేనింకా పెట్టె విప్పలేదు."

"మరి విప్పండి."

"జిప్పు పట్టేసింది. పోయిన నెల అందులోంచి శాలువా తీసుకుందామని చూశాను. రాలేదు. చలికి అలాగే పడుకున్నాను."

"ఆయన్ని అడగకపోయారా? ఊళ్ళో తాళాలన్నీ తీస్తారుగా."

"అడిగితే ఎందుకు సర్దావంటాడు."

అదీ నిజమే. బయట జనం కప్పులు పట్టుకుని నిలబడ్డ చప్పుడు వినిపిస్తోంది. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. ఆవిడ డ్రమ్ముకి ఒకవైపు పిడి పట్టుకుంది. ఎత్తలేదు. నేను రెండో పిడి పట్టుకునేదాకా ఆగింది.

"ఇంటికెళ్ళాక నువ్వు ఆ పెట్టె ఒకవైపు గట్టిగా అదిమి పట్టుకో, నేను లాగుతాను," అంది. "నా ఒక్కదానివల్ల కావడం లేదు."